నైరీ మొద్దుచేసిన అంచు

లిండ్సే ఆర్బెల్ పోయాడు కదా అని ఇప్పుడు నోరు విప్పుతున్నానని ఎవరూ అనుకోవద్దు. ఈ సంగతి ఆయన బతికుండగానే, ఆయన కూర్చున్న బల్ల దగ్గరే, నేను పోసిన సూప్ ఆయన తాగుతుండగానే పదిసార్లు చెప్పాను. ఆయనా నవ్వేవాడు. మొదటి రెండేళ్లు మాత్రం నవ్వలేదు.

నా పేరు థెల్మా. బ్లాక్ స్పర్ స్కీ క్లబ్బు వంటింట్లో ఇరవై ఆరు చలికాలాలు గరిటె తిప్పాను. నైరీ పాస్కో నా స్నేహితురాలు. ఆమె పని సానపట్టడం. కాంటర్బరీ ఎగువ సీమలో ఉన్ని కత్తిరించే ముఠాలు ఏ షెడ్డుకు వెళ్లినా వాళ్ల బండి వెనకే నైరీ బండి, అందులో ఆమె సాన చక్రం వెళ్లాల్సిందే. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. తండ్రి పోయాక ఆడదానికి ఈ పని ఎవరిస్తారని కొందరు గొణిగారు. ఒక సీజను గడిచేసరికి ఆ గొణిగినవాళ్లే తమ కత్తులు గుడ్డలో చుట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. కత్తిని నేలమీద పడేసినవాణ్ణి ఆమె తిట్టే తిట్లకు గొర్రెలు కూడా అరవడం ఆపేసేవి.

క్లబ్బులో జీతం తీసుకునేవాళ్లం ఇద్దరమే, నేనూ ఇంజను చూసే డెస్సూ. మిగతా పనంతా సభ్యులే ఎండాకాలం శని, ఆదివారాల్లో కొండెక్కి చేసుకోవాలి. కట్టెలు కొట్టాలి, కప్పు బాగుచేయాలి, తాడు చూసుకోవాలి. మా కొండమీద కుర్చీలు లేవు, లిఫ్టులు లేవు. పాత ట్రాక్టరు ఇంజను ఒకటి పొడవాటి తాడును చక్రాల మీద తిప్పుతుంటుంది. నడుముకు పట్టీ కట్టుకుని, పట్టీకి వేలాడే ఇనుప పట్టుకారును, మేం అడకత్తెర అనేదాన్ని, పరుగెత్తే ఆ తాడుకు బిగించి పట్టుకుంటే తాడే మనిషిని పైకి లాగుతుంది. తాడు తెగితే అతికేది నైరీ. పురులు విప్పి, రెండు కొసలనూ ఒకదాంట్లో ఒకటి అల్లుకుంటూ పోయేది. అతుకు ఎక్కడుందో తడిమినా దొరికేది కాదు.

తాడు గది తలుపు పక్కన పసుపు రంగు పలక ఒకటి ఉండేది. ‘స్నోబోర్డులు నిషిద్ధం’ అని. అదీ నైరీ రాసిందే. ఎనభై ఏడులో స్కీలకు బదులు ఒకే బోర్డుకు రెండు కాళ్లూ కట్టుకుని జారే కుర్రకారు కొందరు మా కొండకు వచ్చారు. కమిటీ మండిపడింది. ఉన్ని మూటల మీద అచ్చులేసే రేకులు నైరీ దగ్గరున్నాయి కాబట్టి ఆ పని ఆమెకే చెప్పారు. రాసింది. అప్పట్లో ఆమె కూడా ఆ కుర్రాళ్లను చూసి నవ్వింది, నేనూ నవ్వాను. ఇందులో దాచేదేముంది?

ఎనభై తొమ్మిదిలో స్కీ మెలితిరిగి నైరీ కుడి మోకాలు పోయింది. కోత పెట్టి అతికారు గానీ, ఇక స్కీలు మర్చిపొమ్మన్నాడు డాక్టరు. మూడు చలికాలాలు ఆమె కిందే ఉండిపోయింది. తాడు అతికింది, మంచు తవ్వింది, నా వంటింట్లో గిన్నెలు తుడిచింది. పైకి మాత్రం చూసేది కాదు. మోకాలికి మర్దనా చేసే అమ్మాయి ఒకతె, “రెండు కాళ్లూ ఒకే బోర్డు మీదుంటే మోకాలు అలా మెలితిరగదు, ప్రయత్నించి చూడు” అని చెప్పిందట. ఆ మూడో చలికాలమంతా ప్రతి మంగళవారం నైరీ నాకు కూడా చెప్పకుండా రెండు గంటల దూరంలోని పెద్ద కొండకు పోయి, అద్దె బోర్డు మీద పడీ లేచీ నేర్చుకుంది. అప్పుడామెకు యాభై రెండేళ్లు. సీజను చివర తుంటి మీద నల్లగా కమిలిన మచ్చ చూపిస్తే గానీ నాకు తెలియలేదు. ఆ వారమంతా నేను మాట్లాడలేదు. కోపం రాదా మరి?

తొంభై రెండు ఏప్రిల్లో సర్వసభ్య సమావేశం జరిగింది. అందరూ టీ కోసం లేవబోతుంటే నైరీ లేచి ఆ పసుపు పలక తీసేయమంది.

ఆర్బెల్ అధ్యక్షుడు. ఎనిమిది వేల గొర్రెల ఆసామి. ఏటా ఆయన షెడ్డులో సానపట్టేది కూడా నైరీయే. “ఆ బోర్డులవాళ్లు మంచునంతా గోకి పారేస్తారమ్మా,” అన్నాడు.

“మీ గొర్రెలు కొండను గోకినంత కాదులెండి.”

“తాడు దగ్గర పడతారు. వెనకవాళ్లను పడేస్తారు. అడ్డంగా నిలబడి తాడు పట్టుకోవడం ఎవరివల్లా కాదు.”

“నా వల్ల అవుతుంది.”

“నీ వల్లా?” అని ఆయన ఆమె మోకాలి వంక చూశాడు. అలా చూడకుండా ఉండాల్సింది. సమావేశం సగం నవ్వింది, సగం నేలచూపులు చూసింది. చివరికి ఆయనే తేల్చాడు. “సరే. ఈ సీజనుకు కొండ తెరిచే రోజున, అందరి ముందూ, ఒక్కసారి. కింది నుంచి కొసదాకా తాడు పట్టుకుని పడకుండా ఎక్కు, మళ్లీ దిగు. ఎక్కావా, పలక తీసేద్దాం. పడ్డావా, నా ఒంట్లో ప్రాణం ఉన్నంతకాలం ఈ మాట ఎత్తకూడదు.”

“మీ ఒంట్లో ప్రాణం ఎంతకాలం ఉంటుందో అదీ మినిట్సులో రాయించండి. ఎదురుచూసేవాళ్లకు తెలియాలిగా,” అంది నైరీ.

బయటికొచ్చాక నేను ఉండబట్టలేకపోయాను. “వాళ్లకు పరీక్ష పెట్టే హక్కు ఎవరిచ్చారే? నేనైతే ‘తాడు అతకను పొండి’ అనేదాన్ని. వారం తిరక్కుండా కాళ్లబేరానికొచ్చేవాళ్లు.”

“తాడేం చేసిందే, పాపం?” అంది. మే నెలలో రెండు చోట్ల అతికింది కూడా.

కొత్త బోర్డు జులైలో వచ్చింది, భూమికి దక్షిణాన ఉన్న మా సీమలో చలికాలం అప్పుడే. నల్లటిది, పేరూ బొమ్మా ఏమీ లేదు. కొండ తెరవడానికి ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం, దాన్ని చంకలో పెట్టుకుని నా వంటింట్లోకి వచ్చింది.

“ఒసే థెల్మా, నీ ఇస్త్రీ పెట్టె ఇవ్వవే.”

“ఇస్త్రీ బట్ట కట్టిన ముఖమేనా నీది? దేనికే?”

“బట్టలకు కాదులే.”

వంటింట్లో అప్పటికే ఆర్బెల్ ఉన్నాడు. మా క్లబ్బులో అధ్యక్షుడైనా సరే వంతు వచ్చిందంటే పని చేయాల్సిందే. ఆ రోజు ఆయన వంతు బంగాళదుంపలు. ముందు బస్తా, ఒళ్లో గిన్నె. నైరీ ఆయన ఎదురుగానే బల్లమీద బోర్డును బోర్లా పడుకోబెట్టింది. కాళ్లు పెట్టే చోట్లు గొర్రెలకు గుర్తుపెట్టే నీలం సుద్దతో గీసి, పట్టీలు మరలతో పొద్దున్నే బిగించేసిందట. ఇప్పుడు మంచుమీద బాగా జారేలా అడుగుభాగం పని. కర్పూరం రంగు మైనపు ముద్దను వేడి ఇస్త్రీ పెట్టెకు తాకించింది. చుక్కలు చుక్కలుగా పడ్డాయి. ఇస్త్రీ పెట్టెతో వాటిని కొస నుంచి కొసకు సాగదీసింది, ఎక్కడా ఆపకుండా. ఆపితే అడుగు మాడిపోతుందట. చల్లారాక పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ బిళ్లతో గీకేసింది. మళ్లీ మైనం, మళ్లీ గీకుడు. మూడోసారి అయ్యాక గుర్రాల బ్రష్షుతో రుద్దింది. నా ఇస్త్రీ పెట్టె గతి ఆ రోజుతో సరి. తర్వాత రెండేళ్లు నా ఏప్రన్లన్నీ మైనం వాసనే.

“పందెం గుర్రాన్ని కూడా ఇంత రుద్దరు,” అన్నాడు ఆర్బెల్.

“గుర్రానికి నోరుంది, చాలంటుంది. మీరు దుంపకు కళ్లు తీయకుండా వేస్తున్నారు, చూసుకోండి.”

ఆయన గిన్నెలోంచి ఆ దుంపను మళ్లీ తీసుకున్నాడు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఇక మిగిలింది అంచులు. బోర్డు చుట్టూ సన్నటి ఉక్కు అంచు ఉంటుంది. గట్టి మంచులో పట్టు ఇచ్చేది అదే. నైరీ దాన్ని గోటిమీద గీసి చూసింది. “కొత్తదట! వెన్న కూడా తెగదు,” అని గుడ్డమూటలోంచి ఆకురాళ్లు, సానరాళ్లు తీసింది. అవి తండ్రివి. గంటసేపు అదే పని. ముందు కొస నుంచి వెనక కొసదాకా, చుట్టూ, ఒక్క అంగుళం వదలకుండా పదును పెట్టింది. పదునవుతున్నకొద్దీ చప్పుడు మారుతూ వచ్చింది. చివరికి గోటిమీద ఆనిస్తే తెల్లటి పొడి రాలింది.

ఆర్బెల్ లేచి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక ముందు కొస మీద బొటనవేలు పెట్టి జరిపాడు. రక్తం చుక్క పడింది.

“అమ్మో!” అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. “పదును విషయంలో మాత్రం నీకు వంక పెట్టలేనమ్మా.”

“మిగతా విషయాలు రేపు చూద్దాం,” అంది నైరీ. ముఖంలో సంతోషం దాచుకోలేకపోయింది.

మేం ముగ్గురం గొర్రెల మధ్య పుట్టి పెరిగినవాళ్లం. పదును ఎక్కువైందన్న మాట మా సీమలో ఎవరి నోటా ఎప్పుడూ వినలేదు. అందుకే ఆ బల్ల దగ్గర జరిగిన తప్పు ముగ్గురి కళ్లముందే జరిగినా ఒక్కరికీ తోచలేదు.

శనివారం ఎండ బాగా కాసింది. అరవై మంది దాకా వచ్చారు. మామూలుగా కొండ తెరిచే రోజున ఇరవై మంది వస్తే గొప్ప. మిగతా నలభై మంది నైరీ పడటం చూడ్డానికి వచ్చారని నా నమ్మకం. వాళ్లకు కూడా నేనే రొట్టెలు కాల్చి పెట్టాలి, ఏం చేస్తాం?

వంటింటి వెనక నేర్చుకునేవాళ్ల కోసం చిన్న తాడు ఒకటి ఉంది. పెద్ద తాడు ఎక్కేముందు నైరీ దానిమీద ఒళ్లు వేడెక్కించుకుందామనుకుంది. పట్టుకుంది, అడకత్తెర బిగించింది, పది గజాలు పోయింది. ఉన్నట్టుండి బోర్డు ముందు కొస ఎవరో లాగినట్టు పక్కకు తిరిగింది. ముఖం మీద పడింది. లేచి మళ్లీ పట్టుకుంది. ఈసారి ఆరు గజాలు.

నవ్వులు వినబడ్డాయి. ఎవడో, “గొర్రెను ఎక్కించినా ఇంతకంటే నయం” అన్నాడు. వాడికి ఆ రోజు రొట్టె ఇవ్వలేదు.

ఆర్బెల్ ఆమె దగ్గరికి నడిచి వచ్చాడు. గొంతు తగ్గించి, “నైరీ, ఇది లెక్కలోకి రాదు. మోకాలు నొప్పి అను, పరీక్ష జరగలేదని రాసేస్తాను. నీ పరువు నీకుంటుంది,” అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. అదే నాకు ఎక్కువ మండింది.

నైరీ ముక్కుమీది మంచు తుడుచుకుంది. “నా పరువు మీ దగ్గర ఎప్పుడు దాచానండీ, తిరిగి ఇస్తున్నారు? పావుగంట ఆగండి.”

వంటింటి మెట్టుమీద కూర్చుని బోర్డును ఒళ్లో పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను.  

“ఇక్కడ పడితే అయిపోయిందే,” అంది నాతో మాత్రమే. “మళ్లీ కింద నిలబడి గిన్నెలు తుడవడమే. చచ్చేదాకా. నావల్ల కాదే థెల్మా.”

 టీ ఇచ్చాను. ఆమె తాగలేదు. వేలితో అంచు తడుముతూ కూర్చుంది. కొస దగ్గర వేలు ఆగింది. అక్కడ మంచుతో పాటు తాడు కింది మట్టి ఇరుక్కుని ఉంది.

“నిరుడు నేనెక్కిన అద్దె బోర్డు అంచులు ఎలా ఉండేవో తెలుసా?” అంది ఉన్నట్టుండి.

“నాకేం తెలుసు? నాకు చెప్పి పోయావా?”

“దెప్పకే! చెంచా అంచులా ఉండేవి. వందమంది తొక్కి తొక్కి అరిగిపోయాయి. ముఖ్యంగా ఈ రెండు కొసలూ. తాడు దారిలో పొద్దుటి నుంచి స్కీలు పోయి పోయి రెండు గాడులు పడ్డాయి చూడు. ఆ గాడి గోడ తగలగానే నా కొస కొరుకుతోంది. కొరికి తిరిగిపోతోంది. కాళ్ల మధ్య ఉండాలే పదును. కొసల్లో ఉండకూడదు.”

“అయితే తీసెయ్.”

ఆమె నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. నలభై ఏళ్లు ఆ చేతులు చేసిందంతా పదును పెట్టడమే. మొద్దు చేయమని ఎవరూ అడగలేదు. అడిగితే తన్నేది.

“మా నాన్న చూస్తే చెయ్యి విరిచేవాడు,” అంది.

మేం కూర్చున్న మెట్టు సిమెంటుది. డెబ్బై ఒకటిలో ఎండాకాలం పనుల్లో నైరీయే ఇసుక మోసి, కలిపి, పోసింది. లేచి నిలబడింది. బోర్డును నిలువునా ఎత్తి ముందు కొస అంచును ఆ మెట్టు మూలకు ఆనించి, బరబరా రాసింది. ఆ చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. వంటింటి కప్పుమీద మా పట్టీలను ముక్కుతో పీకడానికి కాచుక్కూర్చున్న కియా చిలుక అరుచుకుంటూ లేచిపోయింది.

ఆర్బెల్ పరుగున వచ్చాడు. “పిచ్చి పట్టిందా నీకు? నిన్న ఆ అంచు ఎలా ఉంది! పాడు చేస్తున్నావు!” ఆయన నిజంగానే బాధపడ్డాడు. గొర్రెల మనిషి కదా.

“పదును పెట్టిందీ నేనే, తీస్తున్నదీ నేనే. మీ వేలు ఎలా ఉంది?”

జానెడు ముందు, జానెడు వెనక, నాలుగు వైపులా మొద్దు చేసింది. ప్రతి వైపూ వేలు జరిపి చూసుకుంది. చివరి మూల దగ్గర కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. బోర్డు పట్టుకుని పెద్ద తాడు వైపు నడిచింది. నేను రొట్టెలు మాడనిచ్చి వెనకాలే పోయాను.

ఇంజను దగ్గర డెస్ ఆమెను చూసి పిడి వెనక్కి లాగబోయాడు.

“డెస్! నా కోసమని తగ్గించావో, చూడు. రోజూ ఎంత వేగమో అంతే తిప్పు.”

“మొదటిసారి కదా నైరీ...”

“తిప్పవయ్యా!”

రెండు కాళ్లూ పట్టీల్లో బిగించుకుని అడ్డంగా నిలబడింది. గుర్రపు జీను తోలుతో కుట్టుకున్న తొడుగు చేతికి ఉంది. తాడును మెల్లగా పట్టుకుంది. మొదట తాడు పిడికిట్లోంచి జారిపోయింది, తోలు కాలిన వాసన వచ్చింది. పిడికిలి బిగించింది. బోర్డు కదిలింది. రెండో చేత్తో అడకత్తెరను తాడు మీదికి విసిరి పట్టుకుంది. పోయింది.

సగం దూరంలో కొండ నిట్టనిలువు అవుతుంది. గాడులు కూడా అక్కడే లోతు. అక్కడ బోర్డు కొస గాడి గోడకు తగిలింది. నాకు కనబడింది. నేను “అయ్యో” అన్నాను. నా పక్కన ఆర్బెల్ కూడా ఏదో అన్నాడు, ఏమిటో ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. కొస ఊగింది, గోడ మీదికి కాస్త ఎక్కింది, కొరక్కుండా జారి తిరిగి దారిలోకి వచ్చింది. నైరీ వంగింది, లేచింది. తర్వాత చిన్నదవుతూ చిన్నదవుతూ కొస చక్రం దాకా పోయింది. అక్కడ తాడు వదిలేసి శిఖరం వెనక్కి తప్పుకుంది.

 దిగడం కోసం చూశాం. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. “పడిపోయుంటుంది” అన్నాడు ఆ గొర్రె మాట అన్నవాడే. చివరికి ఆర్బెల్ స్కీలు తగిలించుకుని తాడెక్కి పోయాడు.

పైన జరిగింది ఆయనే తర్వాత చెప్పాడు. నైరీ మంచులో కూర్చుని అవతలి లోయ చూస్తోందట. జేబులో ఫ్లాస్కు, మూత నిండా టీ.

“కిందంతా నీ కోసం చూస్తున్నారు,” అన్నాడట.

“మూడేళ్లు నేను కింద ఎదురుచూశాను లిండ్సే గారూ. వాళ్లు అరగంట చూస్తే ఏం పోయింది?” అందట. “కూర్చోండి. టీ ఇంకా ఉంది.”

ఆయన కూర్చున్నాడు. అదీ చెప్పాడు.

ఆమె దిగడం గురించి గొప్పగా చెప్పను. రెండుసార్లు నిదానించింది, ఒకచోట చేత్తో మంచు తాకింది. కానీ పడలేదు. తిన్నగా తాడు గది దాకా వచ్చి ఆగింది. ఆర్బెల్ ఆమె వెనకే దిగాడు. అందరూ వింటుండగా గొంతు సవరించుకున్నాడు.

“మాట ప్రకారం, మిసెస్ పాస్కో బోర్డు వాడుకోవడానికి క్లబ్బు అనుమతిస్తున్నట్టు మినిట్సులో రాయిస్తాను.”

“మిసెస్ పాస్కోకా?” నైరీ కాళ్ల పట్టీలు విప్పుకుంటూ తలెత్తింది. “నా పేరు ఎవరు రాయమన్నారు? ఎనభై ఏడులో మనం తరిమిన పిల్లలకు ఏ పేరని రాస్తారు? మీరన్నది పలక తీసేద్దామని.”

“తీద్దాం. కమిటీ కూర్చుని, ఒక తేదీ చూసుకుని...”

నైరీ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసింది. పొద్దున ఎందుకైనా మంచిదని పట్టీల మరలు బిగించుకోవడానికి తెచ్చుకున్నదే. కుంటుకుంటూ తలుపు దగ్గరికి నడిచి పసుపు పలక ముందు నిలబడింది.

“అది క్లబ్బు ఆస్తి నైరీ!” అన్నాడు ఆర్బెల్.

“చెక్క మీ క్లబ్బుదే, ఉంచుకోండి. రాత నాది,” అని మొదటి మరకు స్క్రూడ్రైవరు ఆనించింది.

అయిదు చలికాలాలు ఎండకు ఎండి, మంచుకు తడిసిన మరలు మొరాయిస్తాయని అందరం అనుకున్నాం. నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి మెత్తగా తిరిగి ఊడి వచ్చాయి. ఎనభై ఏడులో వాటికి గ్రీజు పూసి బిగించింది కూడా నైరీయే.